నూకుడు బండికి పొదుపు సర్కులర్

స్టీరింగ్ పట్టుకోబోతున్న పిల్లలూ, మీకొక సంగతి చెప్పాలి. కాస్త కోపంగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. రిటైరై ఇన్నేళ్లయినా "డీజిల్ పొదుపు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పొదుపు చెడ్డదని కాదు. దాని మీద నాకున్నంత పిచ్చి మా డిపోలో ఇంకెవరికీ లేదు. ఆ మాటను అడ్డం పెట్టుకుని ఆడిన నాటకం గుర్తొచ్చి మండుతుంది.

నాది మహబూబ్‌నగర్ జిల్లా ఆత్మకూరు. మా అబ్బాజాన్ ఎడ్లబండి కిరాయికి తోలేవాడు. నేను సర్కారు బస్సు తోలాను. తోలడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఒక చేత్తో ముల్లుగర్రతో పొడుస్తూ ఇంకో చేత్తో పగ్గం గుంజే మనిషి కనబడితే ఆయన ఊరుకునేవాడు కాదు. "ఉరుకుమంటవా, ఆగుమంటవా? ఎద్దుకేం తెల్వాలెరా?" అని నడిరోడ్డు మీద తిట్టేవాడు. బస్సు ఎక్కిన తర్వాత ఆ తిట్టు నాకు బాగా అర్థమైంది. ఎదురుగా రైల్వే గేటు పడి ఉందని కనబడుతూనే ఉంటుంది. అయినా దానిదాకా ఆక్సిలరేటర్ తొక్కుతారు, అక్కడికి పోయి బ్రేకు మీద నిలబడతారు. అదేం తోలుడయ్యా? ముందే కాలు తీస్తే బండి తనంతట తానే నెమ్మదిస్తుంది కదా! క్లచ్ మీద కాలు పెట్టి నిద్రపోవడం, మార్చాల్సిన చోట గేరు మార్చక ఇంజన్‌ను ఏడిపించడం, టైర్లలో గాలి ఉందో లేదో చూడకపోవడం, ఇవన్నీ డీజిల్ తాగే అలవాట్లు. వీటిని మానడానికి చదువు అక్కర్లేదు, కాస్త సిగ్గుంటే చాలు.

అన్నిటికన్నా పెద్ద రోగం, ఆగిన బండిలో ఇంజన్ నడుస్తూ ఉండడం. దాని గురించే ఈ కథంతా.

ఎనభైలు అయిపోవస్తున్న రోజులు. నల్లగొండ జిల్లాలో ఒక డిపో. పేరెందుకు, ఇప్పుడు ఎవరిని ఏమని లాభం? దేవరకొండ వైపు పోయే రూట్లో నా డ్యూటీ. మా బండ్లలో సగానికి బ్యాటరీలు చచ్చిపోయి ఉండేవి. మీట నొక్కితే ఇంజన్ చాలు కాదు, అంటే స్టార్ట్ కాదు. పది మంది వెనక చేరి నెట్టాలి. మా దిక్కు దాన్ని నూకుడు అంటారు. అందుకని పొద్దున డిపోలో ఒకసారి చాలు చేసిన ఇంజన్‌ను మళ్లీ డిపోకు వచ్చేదాకా ఎవరూ బంద్ చేసేవాళ్లు కాదు. డ్రైవర్ చాయ్ తాగుతున్నా, అన్నం తింటున్నా, గుడగుడమంటూ బండి పొగ కక్కుతూనే ఉండాలి. మా డిపోకూ బస్టాండ్‌కూ వెనక ఒకటే గోడ, దానికి ఆనుకుని సర్కారు దవాఖాన ఉండేది. దమ్ము రోగంతో మంచాల మీద ఉన్నవాళ్లు మా పొగకు ఎండాకాలంలో కూడా కిటికీలు మూసుకుని ఉడికిపోయేవాళ్లు. రోగం తగ్గుతుందని వచ్చిన మనిషికి మనమిచ్చే మందు అది!

నేను మాత్రం బంద్ చేసేవాడిని. పల్లం ఉన్నచోట బండి ముక్కు దిగువకు పెట్టి ఆపితే, మళ్లీ బయల్దేరేటప్పుడు బ్రేకు వదిలి, బండి జారగానే గేరులో వేసి క్లచ్ వదిలితే ఇంజన్ అందుకుంటుంది. చదును నేల మీదనైతే నూకుడే. అందుకు మా డిపోలో ఒక ఆచారం స్థిరపడిపోయింది. ముందు కండక్టర్ దిగాలి. అతను బండి వెనక భుజం ఆనిస్తేనే ప్రయాణికులు దిగుతారు. ఏ పుస్తకంలోనూ లేదు. డ్రైవర్ సీట్లో కూర్చుని ఒకసారి అద్దంలోకి చూస్తే చాలు, కండక్టర్ సంచి సీటు కింద పెట్టి దిగిపోయేవాడు.

నా కండక్టర్‌ది కేతేపల్లి దిక్కు. వాళ్ల బాపు పుట్టినప్పటి నుంచి ఒక పటేలు ఇంట్లో జీతం ఉన్న మనిషి. జీతమంటే మీరనుకునే జీతం కాదు, అప్పు కింద ఏళ్ల తరబడి చేసే చాకిరీ. ఆ ఇంట్లో మొదటి సర్కారు కొలువు ఇతనిది. ఆదివారం చర్చికి పోయేటప్పుడు కూడా ఖాకీ చొక్కా వేసుకునేవాడు. వాళ్లమ్మ కోరికట. నన్ను "భాయ్" అనేవాడు, నేను "తమ్మీ" అనేవాడిని, నాకు తమ్ముడి లెక్కే. నోరు భలే మంచిది. ఒకసారి ఒక ముసలవ్వ బండి దిగనని మొండికేసింది.

"పైసలిచ్చి టికెట్ కొన్నది బండి నూకనీకా బిడ్డా?" అంది.

"నువ్వు నూకకు అవ్వా. నూకనోళ్లను తిట్టు, గంతే చాలు," అన్నాడితను.

అవ్వ నిజంగానే కిటికీలోంచి తల బయట పెట్టి తిట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు బండి ఎంత తొందరగా చాలు అయిందో!

మా డిపోలో ఒక పెద్ద డ్రైవర్ ఉండేవాడు. అందరికన్నా సీనియర్, మాటకు పదును ఎక్కువ. నన్ను చూస్తే ఆయనకు దురద.

"ఏం భాయ్, డీజిల్ మీ తాత జాగీరా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? సర్కారు బండి, సర్కారు డీజిల్. నడుమ నీకేం పరేషాన్?"

"డీజిల్ సర్కారుదే అన్నా. గా పొగ ఎవనికి పోతాంది? దవాఖానల మంచం మీద పన్నోళ్లకు కాదా?"

"బంద్ జేస్తె మల్ల ఎవడు నూకుతడు? మీ అత్తగారు పంపిస్తదా మనుషులను?"

అందరూ నవ్వేవాళ్లు. నేను తిట్టేవాడిని. రోజూ ఇదే తంతు.

అట్లా ఉండగా పైనుంచి డీజిల్ పొదుపు వారం వచ్చింది. డిపోలో షామియానా వేశారు, బ్యానర్ కట్టారు. మేనేజర్ గారు కొత్తగా వచ్చినాయన. చెడ్డవాడని అనను, పైవాళ్ల మెప్పు తప్ప ఇంకేదీ కళ్లకు ఆననివాడు. పర్యావరణం గురించి, గాలి గురించి, రేపటి తరాల గురించి అరగంటకు పైగా మాట్లాడాడు. అన్నీ మంచి మాటలే. నేను కూడా తల ఊపుతూ విన్నాను. కానీ ఆ మాటల వెనక నుంచి ఏదో గుడగుడ వినిపిస్తోంది. తల తిప్పి చూస్తే ఏముంది! షామియానా వెనక మేనేజర్ గారి జీపు ఇంజన్ నడుస్తూనే ఉంది. ఉపన్యాసం అయిపోగానే ఎక్కి పోవాలి కదా మరి!

ఇక నేను ఆగలేకపోయాను. లేచి నిలబడ్డాను.

"సార్, ముందుగాల మీ జీపు బంద్ జేయించుండ్రి. తర్వాత మా బండ్లకు బ్యాటరీలు ఇప్పియ్యుండ్రి. బంద్ జేసుడు మాకు తెల్వదా? మల్ల చాలు జేసుడే మా తోని అయితలేదు."

షామియానా అంతా ఘొల్లుమంది. పెద్ద డ్రైవర్ కూడా నవ్వాడు. మేనేజర్ ముఖం మాడిపోయింది.

"బ్యాటరీలు వేరే విషయం. పైకి రాశాం, వస్తాయి. ముందు మీ అలవాట్లు మారాలి," అన్నాడు.

బ్యాటరీలు రాలేదు. సర్కులర్ వచ్చింది. బండి ఎక్కడ ఆగినా ఇంజన్ బంద్ చేయాలి, చేయని డ్రైవర్‌కు మెమో. దాని పక్కనే నోటీసు బోర్డు మీద ఎప్పటి నుంచో ఉన్న పాత ఉత్తర్వు, ప్రయాణికులతో గానీ సిబ్బందితో గానీ బండి నూకించరాదు. రెండూ ఒకే బోర్డు మీద, ఒకదాని పక్కన ఒకటి! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అదీ మా బతుకు. రాసినవాడికి బుద్ధి లేకపోతే అతికించినవాడికైనా ఉండాలి కదా? తప్పు ఇంజన్ బంద్ చేయమనడంలో లేదు. దాన్ని సర్కారు చేయాల్సిన ఖర్చు లేకుండా మా కండక్టర్ల భుజాల మీద చేయించాలనుకోవడంలో ఉంది.

ఆ వానాకాలంలో ఒక అంగడి రోజు. దేవరకొండ రోడ్డు మీద ఒక ఊళ్లో బండి ఆపాను. అక్కడ పల్లం లేదు, పైగా ముందుకు కాస్త ఎత్తు. రోజూ ఊరు దాటి దిగువలో ఆపేవాడిని. ఆ రోజు తనిఖీ జీపు సరిగ్గా జనం బస్సెక్కే స్టేజీ దగ్గర నిలబడి, అక్కడే ఆపమని చెయ్యి చూపింది. ఆపాను, బంద్ చేశాను. వాళ్లు టికెట్లు చూసుకుని, మెచ్చుకున్నట్టు తల ఊపి వెళ్లిపోయారు. బండి నిండా అంగడి జనం. మీట నొక్కాను. టిక్కుమని ఊరుకుంది. అద్దంలోకి చూశాను. తమ్ముడు అప్పటికే సంచి సీటు కింద పెట్టి దిగుతున్నాడు.

పొద్దున పడిన వానకు రోడ్డు అంచు ఎర్రమట్టి జిగురు జిగురుగా ఉంది. జనం నూకారు. బండి కదిలింది, క్లచ్ వదిలాను, ఇంజన్ ఒక్క కుదుపు ఇచ్చి అందుకోకుండా చచ్చింది. ఆ కుదుపుకు బండి ముందుకు పోకపోగా వెనక్కి జారింది. నేను బ్రేకు తొక్కాను. తొక్కేలోపలే వెనక నుంచి కేకలు. అందరూ పక్కకు దూకారు, తమ్ముడి చెప్పు బురదలో ఇరుక్కుంది. వెనక టైరు అతని కుడి పాదం మీదికి ఎక్కింది.

దవాఖానకు తీసుకుపోవాలి. ఎందులో? ఆ బండిలోనే. అదే బండిని మళ్లీ నూకాలి! వెనక సీటు మీద అతన్ని పడుకోబెట్టి, కాలికి ఎవరిదో తలరుమాలు చుట్టి, ఆ జనమే మళ్లీ దిగి నూకారు. ఆడవాళ్లు కూడా నూకారు. అంత నొప్పిలోనూ అతను వెనక నుంచి అరుస్తున్నాడు, "రెండో గేర్ల ఇడువు భాయ్, రెండో గేర్ల!" నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. దవాఖాన దాకా ఎవరిని తిట్టానో నాకే తెలియదు, తిడుతూనే తోలాను.

పాదం ముందు సగం తీసేశారు. మడమ మిగిలింది.

మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేయించాడు. గొంతు మెత్తగా ఉంది. ఆ మెత్తదనానికే నాకు అనుమానం వచ్చింది.

"నీ సర్వీసులో ఒక్క మచ్చ లేదు. పొదుపులో కూడా మంచి డ్రైవర్‌వి. కండక్టర్ ఎవరూ చెప్పకుండా తనంతట తానే దిగి నూకాడని ఒక ముక్క రాసివ్వు. నీ జోలికి ఎవరూ రారు."

"అతని కొలువు ఏమైతది సార్?"

"నిబంధన మీరి కాలు పోగొట్టుకున్నాడు. ఇక కండక్టర్ పనికి రాడు. తీసేయక తప్పదు."

"మరి నేనే దింపిన అని రాస్తె?"

"అప్పుడు డ్యూటీలో జరిగిన ప్రమాదమవుతుంది. డిపోలో ఏదో కూర్చుని చేసే పని ఇవ్వాల్సి వస్తుంది. చర్య మాత్రం నీ మీద ఉంటుంది. ఆలోచించుకో."

ఆలోచించుకోవడానికి ఏముంది అందులో? ఆ ముందురోజే వాళ్ల బాపు దవాఖాన వరండాలో నా చెయ్యి పట్టుకున్నాడు. "నా కొడుకు కొలువు ఉంటదా సాబ్? నేను జీతమున్న ఇంటికే వాడు గూడ పోవాల్నా, గా కాలుతోని?" అని అడిగాడు. ఆ ముసలాయన ముఖం నా కళ్ల ముందు ఉంటే, ఈయన నాకు ఆలోచించుకోమంటాడు!

కాగితం అడిగి అక్కడే నిలబడి రాశాను. సర్కులర్ ప్రకారం ఇంజన్ బంద్ చేశానని, బ్యాటరీ లేదు కాబట్టి నూకడానికి నేనే కండక్టర్‌ను దింపానని, ఇది ఈ డిపోలో ప్రతి బండికీ రోజూ జరిగేదేనని రాసి సంతకం చేశాను. అద్దంలోకి చూడడం ఆజ్ఞ కాదని ఎవరైనా అంటే వాళ్లు సెల్ఫ్ స్టార్ట్ లేని బండి ఎప్పుడూ తోలలేదన్నమాట. మేనేజర్ చదివి, "నువ్వు మొండివాడివి," అన్నాడు. కాగితం సొరుగులో వేశాడు. అంతే. దాని మీద అవునని లేదు, కాదని లేదు.

వాన పోయి చలి వచ్చింది. తమ్ముడు చేతికర్రతో రోజూ పొద్దున్నే డిపో గేటు దగ్గరికి వచ్చేవాడు, ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ. లోపలికి పోయి అడిగేవాడు. "రేపు రా" అనేవాళ్లు. రేపు వచ్చేవాడు. ఇంట్లో వంట పొయ్యి ఎట్లా వెలుగుతోందో నాకు తెలుసు, నేను చెప్పను. మా డ్రైవర్లు అతన్ని చూసి ఒక బీడీ ఇచ్చి, అయ్యో పాపం అని బండి ఎక్కిపోయేవాళ్లు. ఆ అయ్యో పాపం విన్నప్పుడల్లా వాళ్ల చెంపలు వాయించాలనిపించేది.

ఒక రోజు తెల్లవారి డ్యూటీకి బయల్దేరితే, నా బండి సరిగ్గా గేటులో ఆగి చచ్చింది. మా గేటు రోడ్డు కన్నా కాస్త పల్లంలో ఉంటుంది, బయటికి పోవాలంటే ఎత్తెక్కాలి. నా వెనక బండ్లన్నీ వరసగా ఇంజన్లు నడుపుకుంటూ నిలబడ్డాయి. చలికి పొగ పైకి లేవక డిపో అంతా నల్లగా కమ్ముకుంది. మీట నొక్కాను. టిక్కుమంది. అద్దంలోకి చూశాను.

చూసింది కొత్త కండక్టర్ కోసం. అద్దంలో కనబడింది తమ్ముడు. కర్రను గోడకు ఆనించి, ఒంటికాలి మీద బండి వెనక్కి వచ్చి భుజం ఆనిస్తున్నాడు!

నేను సీట్లోంచి దూకాను. పోయి అతని రెక్క పట్టుకుని ఇవతలికి గుంజాను.

"పిచ్చి లేసిందా నీకు? ఉన్న కాలు గూడ పోగొట్టుకుంటవా?"

"పని ఇయ్యకపాయె. జర ఏదన్న చేస్తున్నట్టు కనబడితే ఇస్తరేమో అని, భాయ్," అన్నాడు తల వంచుకుని.

నా జన్మలో నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. గేటు మధ్యలో నిలబడి అరిచాను. "ఈ బండి కదలదు! ఇతనికి పని ఇచ్చేదాక కదలదు! నన్ను తీసేసుకోండ్రి, ఏం జేసుకుంటరో చేసుకోండ్రి!"

నా వెనక ఉన్నది పెద్ద డ్రైవర్ బండి. ఆయన కిటికీలోంచి తల బయట పెట్టి తమ్ముడి కాలు చూశాడు, నన్ను చూశాడు. ఏమైనా అంటాడేమోనని నేను పిడికిలి బిగించాను. ఆయన చెయ్యి లోపలికి పోయింది, ఇంజన్ బంద్ అయింది. దాని వెనకది బంద్ అయింది. దాని వెనకది. ఒకటొకటిగా డిపోలో ఇంజన్లన్నీ ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం ఆ డిపోలో నేనెప్పుడూ వినలేదు. గోడ అవతల ఎవరో దగ్గుతున్నది కూడా వినబడింది.

మేనేజర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆ రోజే పొదుపు పనితీరు చూడడానికి పైనుంచి అధికారులు వస్తున్నారు.

"ఏంటిది? సమ్మె చేస్తున్నారా?"

"సమ్మె ఏంది సార్?" అన్నాడు పెద్ద డ్రైవర్, బండి దిగి తువ్వాలు దులుపుకుంటూ. "మీ సర్కులరే గదా. బండి ఆగితే ఇంజన్ బంద్. డీజిల్ పొదుపు చేస్తున్నం."

"చాలు చేయండి! వెంటనే చాలు చేయండి!"

"కావు సార్. నూకాలె. సిబ్బంది నూకొద్దని మీ బోర్డు మీదనే ఉన్నది."

మేనేజర్‌కు ఉక్రోషం ముంచుకొచ్చింది. "మీకు చేతకాకపోతే నేనే నూకుతాను! ఎక్కవయ్యా నువ్వు, ఎట్లా కదలదో చూస్తాను!" అని చొక్కా చేతులు మడుచుకుంటూ నా బండి వెనక్కి నడిచాడు. నేను ఎక్కి కూర్చుని అద్దంలోకి చూశాను. ఆయన రెండు చేతులూ బండికి ఆనించాడు. ఆయన వెంట ఒక్క మనిషి కూడా కదలలేదు.

తమ్ముడు ఒక్కడే గోడ పట్టుకుని ఆయన దగ్గరికి పోయాడు. వెటకారం కాదు, ఒట్టు. నేను విన్నాను, ఆ గొంతులో నిజంగా భయం ఉంది.

"జర పైలం సార్. బండి ఎనుకకు జారుతది. కాళ్లు దూరం పెట్టుండ్రి."

మేనేజర్ అట్లాగే ఆగిపోయాడు. ముందు తన బూట్లను చూసుకున్నాడు. తర్వాత తమ్ముడి పాదాన్ని, అంటే పాదం ఉండాల్సిన చోటును చూశాడు. చేతులు తీసేసి గదిలోకి వెళ్లిపోయాడు.

పొద్దెక్కేలోపల తమ్ముడికి డిపో స్టోర్‌లో పని ఇస్తూ ఉత్తర్వు టైపై వచ్చింది. సిబ్బందితో బండి నూకించినందుకు నాకు ఇంక్రిమెంట్ ఆపారు, ఆపుకోనీ. బ్యాటరీలు కొన్ని వచ్చాయి, అన్నీ రాలేదు. ఇదంతా జరిగి ఎంత కాలమైనా నా కోపం చల్లారలేదు. ఆ కాలు నెలల తరబడి రోజూ పొద్దున్నే మేనేజర్ గది ముందుకు నడిచి వచ్చింది. తన కాలు అదే టైరు వెనక పెట్టేదాకా అది ఆయన కంటికి కనబడలేదు.